పైపూత లోతెంత?

మన డిపార్ట్‌మెంట్‌లో బయోమెటీరియల్స్ మీద చేసే ప్రాజెక్టు ఏది చూసినా చివర్లో ఒక ఫోటో ఉంటుంది. ఎడమ పక్క మామూలు సిలికోన్ ముక్క, దాని మీద గుండ్రంగా కూర్చున్న నీటిబొట్టు. కుడి పక్క ప్లాస్మా కొట్టిన ముక్క, దాని మీద చాపలా పరుచుకున్న నీళ్లు. కింద రెండు కోణాలు, ఒకటి 110 డిగ్రీలకి అటూఇటూ, రెండోది 15 లోపు. ఎగ్జామినర్ తల ఊపుతారు, టీమ్ "థాంక్యూ సర్" అంటుంది, అందరూ క్యాంటీన్‌కి పోతారు. ఆ ఫోటోలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అసలు ప్రశ్న మొదలవ్వాల్సిన చోట మనం ప్రాజెక్టు ముగించేస్తున్నాం. ఈ పద్ధతి మారాలని నా అభిప్రాయం. ఎందుకో కాస్త తీరిగ్గా చెప్తాను. సీఎస్‌ఈ వాళ్లు ఇప్పుడే పేజీ తిప్పెయ్యకండి, మధ్యలో ఇద్దరు రచయితలు కూడా వస్తారు.

ముందు ఒక చిన్న సంగతి. సిలికాన్ వేరు, సిలికోన్ వేరు. మన పేపర్లలో రెండూ కలిపేస్తుంటారు. చిప్పుల్లో ఉండేది సిలికాన్ అనే మూలకం. సిలికోన్ అంటే సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కట్టుకుని, ప్రతి సిలికాన్‌కీ రెండేసి మిథైల్ గుంపులు చొక్కా గుండీల్లా వేలాడే రబ్బరు లాంటి పదార్థం. లేబుల మీద పీడీఎంఎస్ అని రాసుకునేది దీన్నే. మెత్తగా ఉంటుంది, వేడికి ఓర్చుకుంటుంది, శరీరంలో పెడితే పెద్దగా గొడవ చెయ్యదు. అందుకే మెదడులో నీరు చేరిన పసిపిల్లలకి వేసే షంట్ గొట్టం దీంతోనే చేస్తారు. పేస్‌మేకర్ తీగల తొడుగు, రొమ్ము ఇంప్లాంట్ పైపెంకు కూడా ఇదే. ఆరోగ్యశ్రీలో మన దగ్గర ఎందరో పిల్లలకి పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్‌లో, చెవి లోపలికి వెళ్లే ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్నదీ సిలికోనే.

దీంతో చిక్కు ఏమిటంటే, ఇది నీళ్లని దగ్గరికి రానివ్వదు. తామరాకు అంత కాదులెండి (తామరాకు మీద ఆ కోణం 150 దాటుతుంది), కానీ అదే కులం. శరీరమేమో దాదాపు అంతా నీళ్లే. దానికి తోడు సిలికోన్ జిగటగా పట్టుకుంటుంది, జారదు. రక్తనాళంలో రెండు సిలికోన్ తీగలు పక్కపక్కనే పోవాలంటే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోతాయి. పైగా చర్మం మీద ఏ హానీ చెయ్యకుండా బతికే స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియాకి ఈ ఉపరితలం మహా ఇష్టం. ఒకసారి అతుక్కుందంటే తన చుట్టూ బంకలాంటి పొర కట్టుకుని కూర్చుంటుంది. ఆ పొరని దాటి యాంటీబయాటిక్ లోపలికి వెళ్లడం చాలా కష్టం. అందుకే సిలికోన్‌కి పైన ఏదో ఒకటి చెయ్యాలి. ఆ ఏదో ఒకటికే సర్ఫేస్ ట్రీట్‌మెంట్ అని పేరు.

ఇది మన ఇళ్లకి కొత్త విద్యేం కాదు. ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించడం మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే కిలుము పట్టి, తిన్నవాళ్లకి వాంతులవుతాయి. కళాయి అతను గిన్నెని బాగా కాల్చి, నవాసాగరం చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే తగరం రాస్తాడు. నవాసాగరం పని పైనున్న మాలిన్యాన్ని తీసేసి, తగరం పట్టుకునేట్టు లోహాన్ని సిద్ధం చెయ్యడం. అది లేకుండా తగరం ఎంత రాసినా పెచ్చులుగా ఊడొస్తుంది. ప్లాస్మా చేసేదీ అచ్చం అదే పని. చిన్న గదిలోంచి గాలి తీసేసి, కాస్త ఆక్సిజన్ వదిలి, రేడియో తరంగాలతో దాన్ని మండిస్తే లేత ఊదా రంగు వెలుగు వస్తుంది. ఆ వెలుగులో నిమిషం ఉంటే సిలికోన్ పైన ఉన్న మిథైల్ గుంపులు ఊడిపోయి, వాటి చోట నీటిని ఇష్టపడే సైలనాల్ గుంపులు పుట్టుకొస్తాయి. ఆ గుంపులే తర్వాత వేసే పూతకి కొక్కేల్లా పనిచేస్తాయి. ఎక్కువసేపు ఉంచితే మంచిదేమో అనుకునేవాళ్లు ఉంటారు. ఎక్కువైతే పైన గాజులాంటి పెళుసు పొర కట్టి, వంచగానే సన్నటి బీటలు వారుతుంది. ఆ బీటల్లో బ్యాక్టీరియా హాయిగా కాపురం పెడుతుంది.

కళాయి అతనికీ మనకీ ఒక పెద్ద తేడా ఉంది. అతను మళ్లీ వస్తాడు. కళాయి అరిగిపోతుందని అతనికీ తెలుసు, గిన్నె ఇచ్చిన ఇల్లాలికీ తెలుసు. "కళాయోయ్" అని వీధిలో కేక వినపడితే గిన్నె బయటికి తెచ్చి పెడతారు. ఒంట్లో పెట్టిన గొట్టాన్ని అలా బయటికి తియ్యగలమా?

ఇక ఆ ఫోటో సంగతి. సిలికోన్ గొలుసులు మామూలు గది వేడిలో నిశ్చలంగా ఉండవు. గాజులా గట్టిపడాలంటే దాన్ని మైనస్ 120 డిగ్రీల దాకా చల్లబరచాలి. అంటే మన చేతిలో గట్టి రబ్బరులా కనిపిస్తున్నా, అణువుల స్థాయిలో అది కదులుతూనే ఉంటుంది. ప్లాస్మా కొట్టిన ముక్కని గాల్లో వదిలేస్తే పైనున్న సైలనాల్ గుంపులు మెల్లగా లోపలికి తిరిగిపోతాయి, లోపల ఎవరికీ అతుక్కోకుండా మిగిలిపోయిన చిన్నచిన్న గొలుసులు పైకి తేలొస్తాయి. గంటల్లో మొదలయ్యే ఈ వ్యవహారం కొద్ది రోజుల్లోనే ఉపరితలాన్ని చాలావరకు పాత స్థితికి తెచ్చేస్తుంది. ఇంగ్లీషులో దీన్ని రికవరీ అంటారు, జబ్బు తగ్గినట్టు! మన చేత్తో పెట్టిన బుద్ధి నాలుగు రోజులకి పుట్టుకతో వచ్చిన బుద్ధి ముందు ఓడిపోవడం ఇది. నీళ్లలో ఉంచితే ఆలస్యమవుతుంది. ముందే ద్రావకంతో కడిగి ఆ చిల్లర గొలుసుల్ని తీసేస్తే ఇంకా ఆలస్యమవుతుంది. ఆలస్యమే తప్ప ఆగదు. దీని మీద పరిశోధన బోలెడుంది, కొత్త విషయమేమీ కాదు. అయినా మన రిపోర్టుల్లో కోణం కొలిచిన తేదీ ఎవరూ రాయరు. ప్లాస్మా గదిలోంచి తీసిన అయిదో నిమిషమా, అయిదో రోజా? ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు.

ఇంకోటి కూడా ఎవరూ అడగరు. ఇంప్లాంట్ ఏదైనా శరీరంలోకి వెళ్లే ముందు స్టెరిలైజ్ చెయ్యాలి. 121 డిగ్రీల ఆవిరిలో పెడతారు, లేదా ఎథిలీన్ ఆక్సైడ్ వాయువుతోనో గామా కిరణాలతోనో చేస్తారు. వేడి తగిలితే సిలికోన్ గొలుసులు ఇంకా చురుగ్గా కదులుతాయి. అంటే ముక్క డబ్బాలోంచి ఆపరేషన్ టేబుల్ దాకా చేరకముందే మన కష్టం సగం కరిగిపోయి ఉండొచ్చు. ఆటోక్లేవ్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉంది, రెండంతస్తులు ఎక్కితే చాలు. ఎక్కిన టీమ్ నాకైతే ఇంతవరకు కనపడలేదు.

ఇప్పుడు మొదటి రచయిత. లియో వ్రోమన్ అని ఒక డచ్చి కవి ఉండేవాడు. 1915లో పుట్టి 2014 దాకా బతికాడు. డచ్చి భాషలో పేరున్న కవి, 1964లో అక్కడి పెద్ద సాహిత్య పురస్కారం పి.సి. హూఫ్ట్ బహుమతి అందుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ల ఖైదీగా ఉండి, తర్వాత అమెరికా వెళ్లి, పగలు రక్తం మీద పరిశోధన చేసేవాడు. రక్తం ఏ ఉపరితలాన్నైనా తాకగానే ముందు ప్రొటీన్లు వచ్చి అతుక్కుంటాయనీ, అలా అతుక్కున్నాక ఆ ఉపరితలం తడిసే తీరే మారిపోతుందనీ 1962లోనే రాశాడు. తర్వాత తేలింది ఇంకా తమాషాగా ఉంటుంది. తేలిగ్గా కదిలే ప్రొటీన్లు ముందొచ్చి సీటు పట్టుకుంటాయి, వెనకాల నెమ్మదిగా వచ్చినా గట్టి పట్టున్నవి వాటిని లేపి కూర్చుంటాయి. పండగ రోజుల్లో మన పల్లెవెలుగు బస్సు లాగే. ఈ సీట్ల మార్పిడికి వ్రోమన్ ఎఫెక్ట్ అనే పేరు స్థిరపడింది. అతనికి ఉపరితలం అంటే ఎందుకంత మక్కువో నాకు అర్థమవుతుంది. మాట పైకి ఒకటి చెప్తూ లోపల ఇంకోటి మోస్తుందని కవికి వేరే చెప్పాలా?

దీన్నిబట్టి మనకి తెలియాల్సింది ఏమిటంటే, మనం స్వేదనజలం చుక్క వేసి కొలుస్తున్న ఉపరితలాన్ని శరీరంలోని బ్యాక్టీరియా గానీ కణం గానీ ఎప్పటికీ నేరుగా చూడదు. అది చూసేది దాని మీద పరుచుకున్న ప్రొటీన్ల దుప్పటిని. కోణం ఎంత తక్కువైతే ఇంప్లాంట్ అంత మంచిది అనే లెక్క అక్కడే తప్పుతుంది.

ఇందులో నాకేం పని అంటారా? మా పిన్ని మనవడికి మూడో నెలలో తలలో నీరు చేరిందని షంట్ వేశారు. ఆరు నెలలు తిరక్కుండా ఇన్ఫెక్షన్. షంట్‌కి ఇన్ఫెక్షన్ వస్తే మందులతో సరిపెట్టరు. లోపలున్న గొట్టం తీసేసి, తలలోంచి బయటికి ఇంకో గొట్టం పెట్టి, రోజుల తరబడి నరానికి యాంటీబయాటిక్ ఎక్కించి, అంతా శుభ్రమైందని నమ్మకం కుదిరాక మళ్లీ కొత్త షంట్ వేస్తారు. ఏడాది నిండని పిల్లాడికి మూడుసార్లు మత్తు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, గోడలన్నీ పెన్సిల్‌తో గీకేస్తున్నాడు. కానీ పిన్ని నన్ను అడిగిన మాట మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. "మందు పట్టించిన గొట్టాలు కూడా ఉంటాయంట గదా నాన్నా, కాస్త ఖరీదంట. అవి వేస్తే ఇంత పని జరిగేది కాదా? నువ్వు చదివేది ఇదే గదా, చెప్పు."

చెప్పాలంటే చదవాలి. చదివితే తేలింది ఇది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 1605 మంది షంట్ రోగుల్ని మూడు గుంపులుగా విడదీసి పరీక్షించారు, ఫలితాలు 2019లో లాన్సెట్‌లో వచ్చాయి. ఒక గుంపుకి మామూలు సిలికోన్ షంట్, ఒక గుంపుకి రెండు యాంటీబయాటిక్‌లు పట్టించిన సిలికోన్, ఒక గుంపుకి వెండి కలిపిన సిలికోన్. మామూలు దానిలో ఇన్ఫెక్షన్ 6 శాతం. యాంటీబయాటిక్ పట్టించిన దానిలో 2 శాతం. వెండిదానిలో? అదే 6 శాతం.

ఆ మూడో అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ల్యాబ్‌లో పెట్రీ డిష్ మీద వెండి పెడితే చుట్టూ బ్యాక్టీరియా చచ్చి, చక్కటి వలయం కనిపిస్తుంది. మన కాలేజీలో గత కొన్నేళ్లలో వెండి నానో కణాల మీద వచ్చిన ప్రాజెక్టులు లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు. తులసాకు రసంతో వెండి, వేపాకు రసంతో వెండి, కరివేపాకుతో కూడా. అన్నిటికీ ఆ వలయం ఫోటో ఉంటుంది. మామిడికి పూసిన పూతంతా కాయ కాదని రైతుకి తెలుసు, మనం మాత్రం పూత ఫోటో పెట్టి కాపు లెక్క చెప్పేస్తున్నాం. నిజమైన రోగుల తలల్లో, నిజమైన ద్రవంలో, ఆ వెండి మామూలు గొట్టం కంటే రవ్వంత మెరుగ్గా కూడా లేదు. యాంటీబయాటిక్‌ది ఎందుకు గెలిచిందో నాకు తోచిన కారణం ఒకటుంది. ఆ మందు సిలికోన్ పదార్థం లోపలే నిండి ఉంటుంది, అక్కడి నుంచి వారాల తరబడి కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. పైన ప్రొటీన్ దుప్పటి కప్పుకున్నా దాని కిందనుంచి వస్తూనే ఉంటుంది.

అయితే ఖరీదైనదే మంచిదని పిన్నికి చెప్పెయ్యొచ్చా? అదీ కుదరదు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛబ్రా షంట్‌ని, ఒక అమెరికా కంపెనీ షంట్‌ని ఉగాండాలో 195 మంది పిల్లల మీద పోల్చి చూశారు. మన దేశపుది అప్పట్లో 35 డాలర్లు, అవతలిది 650 డాలర్లు. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ధర ఒకసారి ప్రాణాన్ని కొంటుంది, ఒకసారి ఉత్తి పేరునే కొంటుంది. ఏది ఏదో చెప్పేది ఓపికగా చేసిన పరీక్ష ఒక్కటే. పిన్నికి ఇంతే చెప్పాను. ఆ మందు గొట్టం వేసుంటే ముప్పు తగ్గేది, అసలు ఉండేది కాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు అని. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే అది అందరికీ వచ్చే ధరకి మీరే చెయ్యండి" అంది. మనకి ఇంతకంటే మంచి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఎవరిస్తారు?

రెండో రచయిత రోల్డ్ డాల్. చిన్నప్పుడు చాక్లెట్ ఫ్యాక్టరీ కథ చదివినవాళ్లకి పరిచయం అక్కర్లేదు. 1960లో న్యూయార్క్‌లో ఆయన నాలుగు నెలల కొడుకు థియో ఉన్న పిల్లల బండిని టాక్సీ గుద్దింది. తలలో నీరు చేరింది, షంట్ వేస్తే అది మాటిమాటికీ మూసుకుపోయేది. డాల్ ఊరుకోలేదు. బొమ్మ విమానాలకి చిన్నచిన్న పంపులు చేసే స్టాన్లీ వేడ్‌ని, కెన్నెత్ టిల్ అనే న్యూరోసర్జన్‌ని కూర్చోబెట్టి కొత్త వాల్వ్ తయారుచేయించాడు. 1962కి అది సిద్ధమయ్యేసరికి థియోకి దాని అవసరం తీరిపోయింది గానీ, వేల మంది ఇతర పిల్లలకి ఉపయోగపడింది. ముగ్గురూ లాభం తీసుకోకూడదని ఒప్పందం. అంతకు ముందే, 1956లో, అమెరికాలో తాళాల కంపెనీలో పనిచేసే జాన్ హోల్టర్ కూడా తన కొడుకు కోసమే సిలికోన్ వాల్వ్ కనిపెట్టాడు. ఈ ఇద్దరు తండ్రుల్లో ఎవరికీ బయోమెడికల్ డిగ్రీ లేదు. వాళ్లకున్నది ఒకే ప్రశ్న, రేపు కూడా ఇది పనిచేస్తుందా అని. మన రివ్యూ ఫారంలో లేనిది సరిగ్గా ఆ ప్రశ్నే.

పైపూత పనిచెయ్యకపోతే మహా అయితే డబ్బు దండగ, అంతేగా అనుకునేవాళ్ల కోసం ఇంకో ఉదాహరణ. ఇది మరీ బాధ కలిగించేది. రొమ్ము ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక నార పొర కట్టుకుంటుంది. ఒక్కోసారి అది బిగుసుకుపోయి నొప్పి పెడుతుంది. దీన్ని తగ్గించడానికి పైపెంకుని గరుకుగా చెయ్యాలని కంపెనీలు అనుకున్నాయి. ఒక పద్ధతి వినడానికి వంటింటి చిట్కాలా ఉంటుంది. ఇంకా గట్టిపడని సిలికోన్ మీద ఉప్పు చల్లి, గట్టిపడ్డాక ఉప్పు కడిగేస్తే గుంటలు మిగులుతాయి. కణజాలం ఆ గుంటల్లోకి పాకి ఇంప్లాంట్‌ని పట్టుకుంటుంది. తెలివైన ఆలోచనే. కానీ 1997లో అలాంటి ఇంప్లాంట్లున్న చోట ఒక అరుదైన లింఫోమా గురించి మొదటి నివేదిక వచ్చింది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ సంబంధం ఉండొచ్చని హెచ్చరించింది. 2019 జులై నాటికి ప్రపంచవ్యాప్తంగా 573 కేసులు, 33 మరణాలు. ఆ 573లో 481 అలర్గాన్ కంపెనీ ఇంప్లాంట్లకి సంబంధించినవి. ఎఫ్‌డీఏ అడిగాక ఆ కంపెనీ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ పెట్టిన ఏళ్లకి గానీ ఈ జబ్బు బయటపడదు. వీటిని పెట్టించుకున్నవాళ్లంతా అందం కోసమే పెట్టించుకున్నారనుకోవద్దు, రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషికి గరుకుదనం ఇంకో క్యాన్సర్ తేవడం! అక్కడ పదార్థం మారలేదు. అదే సిలికోన్. మారింది పైన కొన్ని పదుల మైక్రాన్ల మేర ఆకారం.

అలాగని అసలు ముట్టుకోకుండా నున్నగా వదిలెయ్యాలా అంటే, అదీ సమాధానం కాదు. 2021లో ఎంఐటీ, రైస్ యూనివర్సిటీ తదితర చోట్ల పరిశోధకులు రకరకాల గరుకుదనాల్ని పోల్చి చూస్తే, సగటున 4 మైక్రాన్ల దగ్గర వాపు అన్నిటికంటే తక్కువగా వచ్చింది. పూర్తి నునుపు కూడా దాని కంటే వెనకబడింది. నాకు ఇందులో ఉత్సాహం కలిగించేది ఇదే. పైపైన అని మనం తీసిపారేసే చోట ఇంత వివరం దాగుంది.

"బీటెక్ పిల్లలం, ఎనిమిదో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్లు, బ్యాక్‌లాగులు, ఇంత ఎక్కడ చేస్తాం" అని మా టీమ్‌లోనే ఒకడన్నాడు. న్యాయమే. మనం ఎలుకల మీద పరీక్షలు చెయ్యలేం, చెయ్యకూడదు కూడా. కానీ నేనడిగేది అంత పెద్దదేం కాదు. సిలికోన్ ముక్క 30 రోజులు సొరుగులో పడి ఉండటానికి మనం ఏ కష్టమూ పడక్కర్లేదు, అది దానంతటదే పడి ఉంటుంది. మొదటి రోజు కొలవండి, ఏడో రోజు కొలవండి, ముప్పయ్యో రోజు కొలవండి. ఒక ముక్కని ఆటోక్లేవ్‌లో పెట్టి తీసి కొలవండి. ఒక ముక్కని అల్బుమిన్ కలిపిన సెలైన్‌లో ముంచి కొలవండి. అంకె చెడిపోతే చెడిపోయిందని రాయండి. ఇప్పుడున్న మార్కుల పద్ధతిలో ఆ చివరి పనికే ఎవరికీ ధైర్యం చాలదు, ఎందుకంటే "ఫలితం" అనే గడిలో ఎరుపు బాణం కిందికి దిగితే మార్కులూ దిగుతాయి. అందుకే మార్పు టీమ్‌ల దగ్గర కాదు, రివ్యూ ఫారంలో రావాలంటున్నాను. "నవ్యత"కి 20 మార్కులున్నాయి, "ప్రెజెంటేషన్"కి 20 ఉన్నాయి. ప్రెజెంటేషన్‌లోంచి పది తీసి "నెల తర్వాత" అనే గడికి ఇవ్వండి. ఆ గడిలో మార్కులు అంకె బాగున్నందుకు కాకుండా, కొలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు పడాలి. ఈ ముక్క హెచ్‌ఓడీ గారికి ఉత్తరంగా రాసి 14 మందిమి సంతకాలు పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా ప్లాస్మా మెషీన్ బుధవారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటోంది. మూడో సంవత్సరం వాళ్లెవరైనా వస్తానంటే, నా సొరుగులో తేదీలు రాసిన పెట్రీ డిష్‌లు పన్నెండున్నాయి. వాటిలో నాలుగింటికి వచ్చే నెల 9కి ముప్పయి రోజులు నిండుతాయి. ఆ రోజు నాకు ఇంటర్వ్యూ ఉంది, ఎవరో ఒకరు కొలిచి పెట్టాలి.